పది అడుగుల షట్టర్‌లో మైటర్ సాకి చోటు ఎలా దొరికింది: ఒక కేస్ స్టడీ

చిన్న వర్క్‌షాపుల వాళ్ళు మైటర్ సా (పైనుంచి గుండ్రటి బ్లేడు దించి కర్రను అడ్డంగానో కోణంలోనో కోసే మిషన్) కోసం స్టేషన్, అంటే మిషన్ నిలిచి కర్ర ఆనే బల్ల, చేయించుకోవాలని నా దగ్గరికి వచ్చినప్పుడు దాదాపు అందరూ ముందు అడిగేది "ఎంత పొడుగు బల్ల వేయాలి" అని. నేనూ చాలా ఏళ్ళు అక్కడి నుంచే మొదలుపెట్టేవాణ్ణి. టేపు తీసి గోడ కొలవడం, కాగితం మీద బల్ల గీయడం. ఈ షాపులో పని చేశాక మాత్రం గోడ కొలిచే ముందు "రోజులో ఈ మిషన్ ఎంతసేపు తిరుగుతుంది, ఏ కర్రను కోస్తుంది" అని అడగడం అలవాటైంది. ఆ మార్పు ఎలా వచ్చిందో, మధ్యలో ఏమేం చెడిపోయాయో రాసిపెడదామని ఈ కేసు ఎంచుకున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. కొలతలు మాత్రం నా నోటుబుక్కులో ఉన్నవే.

షాపు, మనుషులు, పని

నేను మొదట తలుపులు, కిటికీల పని చేసేవాణ్ణి, ఇప్పుడు వడ్రంగి షాపులకు పని బల్లలు, జిగ్‌లు, మిషన్ స్టాండ్లు చేసిస్తున్నాను. ఈ షాపు ఉత్తర తెలంగాణలో ఒక పట్టణంలో, సందులో ఉన్న ఒక షట్టర్. లోపల వెడల్పు 10 అడుగులు, లోతు 18 అడుగులు, కింద షాబాద్ బండలు. ఆ బండలు ఎక్కడా ఒక మట్టానికి లేవు, ఆ సంగతి ముందు ముందు చాలాసార్లు అడ్డొస్తుంది. మేస్త్రికి యాభై దాటాయి. ఆయన కొడుకు, ఒక కుర్ర సహాయకుడు, మొత్తం ముగ్గురు. టేకు, మద్ది దర్వాజాలు, కిటికీలు, దేవుడి పటాలకూ అద్దాలకూ ఫ్రేములు, పెళ్ళిళ్ళ సీజన్లో మంచాలు చేస్తారు.

ఎడమ గోడ పొడుగునా మధ్యలో ఒక పని బల్ల ఉంది, 6 అడుగుల పొడుగు, 2 అడుగుల వెడల్పు, 32 అంగుళాల ఎత్తు. కుడి గోడకు ప్లైవుడ్ షీట్లు, కర్ర దొంతర. మధ్యలో మిగిలిందే నడిచే దారి, రాత్రి అక్కడే బండి (టూవీలర్) పెట్టుకుంటారు. మిషన్ 10 అంగుళాల బ్లేడు ఉన్న స్లైడింగ్ రకం, అంటే బ్లేడు ఉన్న తల గొట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది, దాదాపు 24 కిలోలు. తల వెనక్కి తోసినప్పుడు గొట్టాలు వెనకవైపుకు పొడుచుకొస్తాయి, ఫెన్స్ (కర్రను ఆనించే నిటారు పట్టీ) నుంచి గొట్టాల చివరికి కొలిస్తే 19 అంగుళాలు వచ్చింది.

సమస్య

మిషన్ నేల మీద ఉండేది. మేస్త్రి గొంతుక్కూర్చుని కోసేవారు. ఏడు అడుగుల దర్వాజా కమ్మీ (చట్రం కర్ర) కోయాలంటే కర్ర చివర కింద ముక్కలు పేర్చి ఎత్తు సరిచేసేవాళ్ళు, అవి జారితే కుర్రాడు కాలు అడ్డం పెట్టేవాడు. కోత సగంలో కర్ర వంగితే బ్లేడు పట్టేసేది. బ్లేడును కప్పే పై గార్డును బైండింగ్ వైరుతో పైకి కట్టేశారు, ఎందుకంటే కింద కూర్చుంటే అది కంటికి అడ్డం వస్తుందట. నేను వెళ్ళిన రోజు మొదట చూసింది ఆ వైరునే.

ఆయన అడిగింది రెండే మాటలు. "తమ్మీ, మోకాళ్ళు పట్టేస్తున్నయి, నిలబడి కోసుకునేటట్టు ఏదన్న చెయ్యి. రాత్రి బండి లోపల పెట్టాలె, అదొక్కటి మర్చిపోకు."

రెండో మాటను నేను చిన్న షరతుగా తీసుకున్నాను. అసలు డిజైన్ అంతా దాని మీదే ఆధారపడి ఉందని తెలియడానికి నాకు నెల పట్టింది.

మొదటి ఆలోచన: గోడ పొడుగునా బల్ల

కొడుకు ఫోన్‌లో చూపించిన బొమ్మల్లో ఉన్నట్టు 12 అడుగుల బల్ల, మధ్యలో మిషన్ దిగే గాడి, రెండు వైపులా సొరుగులు. చూడ్డానికి బాగుంటుంది. కర్రకు రెండు వైపులా ఆధారం ఉంటుంది, కింద సామాను పెట్టుకోవచ్చు. నాకూ నచ్చింది. కానీ ప్లైవుడ్ కోసే ముందు అసలు కొలతలో నేల మీద గీసి చూడాలన్నది నా పద్ధతి. ఆ రోజు సుద్దముక్క లేకపోతే పక్కింటి నుంచి ముగ్గు తెప్పించి బండల మీద గీశాం. బల్ల లోతు, గొట్టాలకు వెనక జాగా, ముందు మనిషి నిలబడే జాగా, అన్నీ.

గీశాక ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. గొట్టాలు గోడకు తగలకుండా ఉండాలంటే బల్ల లోతు మూడు అడుగులకు దగ్గర పడుతుంది. అవతలి గోడకు షీట్లు, కర్ర అడుగున్నర తింటున్నాయి. మనిషి నిలబడి హ్యాండిల్ లాగడానికి రెండున్నర అడుగులు పోతే మిగిలేది మూడు అడుగులు. అందులో తలుపు జోడించడానికి జాగా ఎక్కడ? అన్నిటికంటే ముందు పని బల్ల పోతుంది, ఎందుకంటే రెండింటికీ అదే గోడ కావాలి. మేస్త్రి బండిని తోసుకొచ్చి ముగ్గు గీతల మధ్య ఆపారు. హ్యాండిల్ గీత దాటి లోపలికి వెళ్ళింది. ఆ బల్ల అక్కడితో అయిపోయింది, పావు కిలో ముగ్గు తప్ప ఖర్చేం లేదు.

రెండోది: తిరగేసే బల్ల, ఇది నేనే చెడగొట్టాను

రెండున్నర అడుగుల మిషన్ బండి, పైన పలక మధ్యలో ఇనుప గొట్టం, పలకను తిప్పితే ఒకవైపు మైటర్ సా, రెండోవైపు తిరగేసి బిగించిన చిత్రిక మిషన్. ఒకే జాగాలో రెండు మిషన్లు. కాగితం మీద లెక్క అద్భుతంగా కుదిరింది, నేనే గట్టిగా చెప్పి చేయించాను, రెండు రోజుల్లో తయారైంది.

తొమ్మిది రోజులు నడిచింది. మైటర్ సా 24 కిలోలు, చిత్రిక మిషన్ నాలుగు కిలోలు. తిప్పుతుంటే సగం దాటగానే పలక బరువుకు తనంతట తనే దభీమని పడేది. ఇద్దరు పట్టుకుంటే తప్ప తిప్పలేం. గొట్టంలో పొట్టు దూరి బిగుసుకునేది. తిప్పి గడియ పెట్టిన ప్రతిసారీ పలక అదే మట్టానికి రావడం లేదు, గడియకు ఉన్న కాస్త సందులో ఊగేది. గుణియా (లంబకోణం చూసే పనిముట్టు) పెట్టి చూస్తే పొద్దున ఒక తీరు, మధ్యాహ్నం ఒక తీరు. వీటికి మందు ఉంది: ఎదురుబరువు పెట్టొచ్చు, బేరింగులు వేయొచ్చు, గడియ బదులు బోల్టులతో బిగించొచ్చు. ఒక సాయంత్రం కూర్చుని అవన్నీ రాసుకున్నాను కూడా.

కానీ ఇవేవీ అసలు తప్పును సరిచేయవు. బండి 30 అంగుళాలు, కర్ర 7 అడుగులు. కర్ర రెండు చివర్లూ గాల్లోనే ఉన్నాయి. నేల మీద ఉన్నప్పుడు కనీసం కింద ముక్కలు పేర్చుకునేవాళ్ళు, ఇప్పుడు కుర్రాడు భుజం మీద మోస్తున్నాడు. నేను మిషన్‌కి పట్టే జాగా లెక్కపెట్టాను, కర్రకు పట్టే జాగా లెక్కపెట్టలేదు. జాగా తక్కువ ఉన్న షాపుకి వెళ్ళినప్పుడు ఈ పొరపాటు సులభంగా జరుగుతుంది, ఎందుకంటే మిషన్ కంటి ముందు ఉంటుంది, కర్ర ఇంకా రాలేదు.

పలక విప్పేసి, ఖర్చు నేను పెట్టుకుని, ఈసారి ఏమీ చేయకుండా లెక్క రాయమన్నాను.

పది రోజుల లెక్క

కొడుకుకి ఒక నోటుబుక్కు ఇచ్చాను. ప్రతి కోతకూ ఒక గీత: కర్ర పొడుగు, వెడల్పు, ఎన్ని గంటలకు. మొదట విసుక్కున్నాడు, రెండో రోజు నుంచి అతనికే ఆసక్తి పుట్టింది. పది పనిదినాల తర్వాత కూర్చుని చూస్తే మూడు విషయాలు తేలాయి. ఇవేవీ మేస్త్రికి తెలియనివి కావు, కానీ కాగితం మీద చూసేదాకా ఎవరం పలకలేదు.

కోతలు రోజంతా పడటం లేదు. పొద్దున ఆర్డరు ప్రకారం కర్రలన్నీ ఒకేసారి కోసుకుంటారు, గంట, గంటన్నర. తర్వాత సాయంత్రం దాకా చెక్కడం, కుసులు (జోడింపుకు చెక్కే నాలుకలు) వేయడం, జోడించడం, సాండింగ్. మైటర్ సా ఊరికే కూర్చుంటుంది. గంటన్నర పనికి రోజంతా, రాత్రంతా గోడ ఇచ్చేయాల్సిన అవసరం లేదు.

రెండోది, దాదాపు అన్ని కర్రలూ ఏడు అడుగులు, అంతకంటే తక్కువ. పన్నెండు అడుగుల కర్ర వారానికి ఒకటి రెండు సార్లు వస్తుంది. ఎనిమిది అంగుళాల కంటే వెడల్పైన పలకలు పది రోజుల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఈ మాట మీద మేం చాలాసేపు వాదించుకున్నాం. స్లైడింగ్ లేని మిషన్ తీసుకుంటే వెనక గొట్టాల జాగా మొత్తం మిగులుతుంది కదా అని నా వాదన. 10 అంగుళాల మామూలు మైటర్ సా ఐదు, ఐదున్నర అంగుళాల వెడల్పు కోస్తుంది, పటాల ఫ్రేములకు అది చాలు. కానీ ఐదు మూళ్ళ (5×3 అంగుళాల) దర్వాజా కమ్మీ దాని హద్దులో సరిగ్గా అంచున ఉంటుంది, తిప్పి రెండుసార్లు కోయాల్సి రావొచ్చు. తిప్పి కోసిన చోట మెట్టు పడుతుంది. ఈ షాపుకి అన్నం పెట్టేది దర్వాజాలు. కాబట్టి ఉన్న మిషన్‌నే ఉంచాం, వెనక 19 అంగుళాలు ఇవ్వాల్సిందే అని ఒప్పుకున్నాం. ఫ్రేములు మాత్రమే చేసే షాపయితే నేను రెండో దారే పట్టేవాణ్ణి.

మూడోది, కర్ర ఎప్పుడూ ఎడమవైపు నుంచి వస్తుంది, కుడివైపు కోసిన ముక్క పడుతుంది. కుడివైపు పొడుగు కావాల్సింది రెండో కొస సరిచేసేటప్పుడే, అదీ ఏడు అడుగుల దాకా.

ఇది చూశాక నాకు పని బల్ల కనబడింది. అప్పటిదాకా దాన్ని అడ్డంగా ఉన్న వస్తువు అనుకున్నాను. మిషన్ బల్లనూ దాన్నీ ఒకే ఎత్తుకు తెస్తే కుడివైపు ఆరు అడుగుల ఆధారం ఇప్పటికే ఉంది, కొత్తగా చేయాల్సిన పని లేదు. పని బల్లను వెనక మూలకు జరిపాం. దాని పక్కన రెండు అడుగుల మిషన్ బండి, దాని పక్కన షట్టర్ వైపుకు నాలుగు అడుగుల తీసిపెట్టే రెక్క, కర్ర ఆనడానికి. బ్లేడు నుంచి వెనక గోడకు ఏడు అడుగులు, ఇటు షట్టర్‌కి పదకొండు అడుగులు. ఏడడుగుల కమ్మీ రెండు కొసలూ షట్టర్ దించుకుని కూడా కోసుకోవచ్చు, పన్నెండు అడుగులదైతే ఒక కొస వీధిలోకి వెళ్తుంది.

ఒక చిక్కు మిగిలింది. ఫెన్స్ గీత గోడకు 19 అంగుళాల దూరంలో ఉంటే, దాని ముందు ఐదు అంగుళాల కమ్మీ పడుకుంటే, 24 అంగుళాల బల్ల అంచు సరిగ్గా అక్కడే అయిపోతుంది. కర్ర అంచు మీద నిలబడదు. పని బల్లను గోడ నుంచి ఆరు అంగుళాలు ముందుకు లాగాం. వెనక ఏర్పడిన సందు వృథా అవుతుందని బాధపడ్డాను, మేస్త్రి అదే రోజు మిగిలిన ప్లైవుడ్ ముక్కలన్నీ అందులో నిలబెట్టేశారు. అవతలి గోడ దగ్గర కాస్త నేల ఖాళీ అయింది.

బండి, రెక్క, మంచం హుక్కులు

బండి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేశాం, పైపలక రెండు పొరలు అతికించింది. మిషన్ అడుగు నుంచి దాని బల్ల పైభాగానికి మూడు ముప్పావు అంగుళాలు ఉంది, పని బల్ల 32, కాబట్టి బండి పైపలక 28 పావు అంగుళాల ఎత్తు. ఈ మూడు ముప్పావు ఒక్కో మిషన్‌కి ఒక్కోలా ఉంటుంది, ఎవరి మిషన్ వాళ్ళు కొలుచుకోవాలి.

నాలుగు వైపులా చక్రాలు పెట్టలేదు. చక్రం మీద నిలబడ్డ బండి ఎంత బ్రేకు వేసినా స్లైడ్ లాగినప్పుడు కదులుతుంది. వెనక రెండు చక్రాలు, నేలకు తగలీ తగలనట్టు. ముందు హ్యాండిల్ ఎత్తితేనే చక్రాల మీదకు వస్తుంది, దించితే నాలుగు కాళ్ళ మీద కూర్చుంటుంది. ప్రతి కాలికీ 12 మిల్లీమీటర్ల బోల్టు తిరగేసి పెట్టాం, తిప్పితే ఎత్తు మారుతుంది. షాబాద్ బండలు ఎగుడుదిగుడు కాబట్టి బండి ఎక్కడ పడితే అక్కడ నిలిపితే ఊగుతుంది. అందుకే ఒకే చోటు ఖాయం చేసి, నాలుగు బోల్టులూ కూర్చునే చోట బండల మీద పెయింటుతో సున్నాలు చుట్టాం. ఒక్కసారి మట్టం చేశాక రోజూ ఆ నాలుగు సున్నాల్లో దించితే చాలు.

ఎత్తు సరిచేసేటప్పుడు ఒక్క నిర్ణయం మీద ఎక్కువ ఆలోచించాను. మిషన్ బల్ల, పని బల్ల సరిసమానంగా ఉండాలా? తాపీ మేస్త్రీలు గోడకు పట్టే అల్యూమినియం పట్టీ ఒకటి తెప్పించి మిషన్ మీద నుంచి బల్ల మీదకు వేసి, పట్టీకీ బల్లకీ మధ్య కాగితం దూరేంత సందు వదిలాను. అంటే పని బల్ల వెంట్రుకవాసి కింద ఉంది. బల్ల మిషన్ కంటే ఎత్తుగా ఉంటే కర్ర మిషన్ మీద నుంచి లేచి ఉంటుంది, కోత పూర్తవుతూనే టక్కున దిగి బ్లేడును పట్టుకుంటుంది. కొంచెం తక్కువగా ఉంటే మిషన్ మీద చేత్తో అదిమినప్పుడు కర్ర అక్కడే కూర్చుంటుంది. సరిసమానం మంచిదే, కానీ వానాకాలంలో బల్ల ఉబ్బితే అది సరిసమానంగా ఉండదు.

ఎడమ రెక్క దగ్గర నేను రెండు రోజులు ఇరుక్కుపోయాను. పియానో హింజ్ (పొడుగాటి పట్టీ మడతబందు) వేసి కిందకి మడవాలన్నది ఆలోచన. బండి ఎత్తు 28 అంగుళాలు, రెక్క 48. మడిస్తే నేలకు తన్నుతుంది. మధ్యలో ఇంకో మడత పెడితే మడత దగ్గరే జారుతోంది, నమూనా చేసి చూశాను. పొట్టిగా 26 అంగుళాలు చేస్తే ఏడడుగుల కర్రకు చాలదు.

మేస్త్రి టీ తాగుతూ చూస్తున్నారు. "గింత ఆలోచన ఎందుకు తమ్మీ, మంచం పట్టె తగిలించినట్టు తగిలిస్తే అయిపాయె."

మంచం హుక్కుల గురించి నాకు తెలియక కాదు, ఎన్ని మంచాలు బిగించానో లెక్కలేదు. కానీ స్టేషన్ అనేసరికి నా బుర్ర హింజుల చుట్టూనే తిరిగింది. మంచం హుక్కు ఈ పనికి ఎందుకు సరిపోతుందంటే, బరువు పడేకొద్దీ అది కిందకి దిగి బిగుసుకుంటుంది, ప్రతిసారీ అదే చోట కూర్చుంటుంది, పైకి ఎత్తితే ఒక్క చేత్తో వచ్చేస్తుంది. రెక్కను 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో లోపల బోలుగా పెట్టెలా చేశాం, 9 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. అలా చేస్తే తేలిగ్గా ఉంటుంది, మెలిక పడదు. ఒక చివర రెండు హుక్కులు, రెండో చివర మడత పడే ఇనుప గొట్టం కాలు, దానికీ అడుగున ఒక బోల్టు. హుక్కు ప్లేట్ల రంధ్రాలు ముందు కోలగా చేసి, ఎత్తు కుదిరాక మిగతా స్క్రూలు బిగించాం. పని అయ్యాక రెక్క గోడకు రెండు కొక్కేలకు వేలాడుతుంది. సామానుకి ఆరు వేలు దాటలేదు, కూలి కాకుండా.

కరెంటు విషయం క్లుప్తంగా చెప్తాను. 1800 వాట్ల మిషన్‌ని సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు మీద, అదీ చుట్ట విప్పకుండా, నడిపేవారు. మోటారు ఈడ్చేది, వైరు వేడెక్కేది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి బండి నిలిచే చోటే 16 ఆంప్స్ సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడిగా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట ఆగిపోయే స్విచ్) వేయించాం. గార్డుకు కట్టిన బైండింగ్ వైరు ఆ రోజే తెంపేశాను. నిలబడి కోస్తే గార్డు కంటికి అడ్డం రాదు, మేస్త్రి ఆ తర్వాత మళ్ళీ కట్టలేదు.

ఆషాఢంలో మూల విచ్చుకుంది

మూడు నెలలు బాగా నడిచింది. బోనాల ముందు పటాల ఫ్రేముల ఆర్డర్లు వచ్చాయి, వానలు కూడా. ఒకరోజు ఫోన్, ఫ్రేముల నాలుగో మూల కలవడం లేదని. వెళ్ళి చూశాను. రెండు అంగుళాల బీడింగ్ (ఫ్రేము పట్టీ), మూడు మూలలు చక్కగా కూర్చున్నాయి, నాలుగో మూలలో లోపలి కొస తగులుతోంది, బయటి కొస దగ్గర ఒక మిల్లీమీటరు సందు. పొట్టూ ఫెవికాలూ కలిపి పూసి నడిపిస్తున్నారు. పాలిష్ పడగానే ఆ గీత నల్లగా తేలుతుంది.

మిషన్ ఫెన్స్ జరిగిందనుకున్నాను. బోల్టులు వదులు చేసి, గుణియా పెట్టి, సరిచేసి, కోసి, మళ్ళీ సరిచేసి, సగం రోజు గడిచిపోయింది. ఒక ఫ్రేము కుదిరేది, తర్వాతది కుదిరేది కాదు. అక్కడ ఆగి ముందే చేయాల్సిన పని చేశాను. మిషన్‌ని సున్నా డిగ్రీల దగ్గర పెట్టి ఒకే కర్ర నుంచి రెండు కోతలు, ఒకటి కర్ర ఎడమవైపు పెట్టి, ఒకటి కుడివైపు పెట్టి. రెండింటికీ గుణియా పట్టి వెలుతురుకు ఎదురుగా చూశాను. కుడివైపు కోత కింద వెలుతురు లేదు. ఎడమవైపు కోత కింద సన్నటి వెలుతురు గీత. బ్లేడు ఒకటే, ఫెన్స్ ఒకటే. తప్పు మిషన్‌ది అయితే రెండు కోతలూ తప్పాలి. ఒకవైపే తప్పిందంటే తప్పు ఆ వైపున్న రెక్కది.

రెక్కకు నేను ఒక ఫెన్స్ పెట్టాను, మిషన్ ఫెన్స్‌తో ఒకే గీతలో, పట్టీ పెట్టి మరీ సరిచూసి. అది ప్లైవుడ్ పట్టీ. వానకు ఉబ్బి, మిషన్ వైపు కొస ఒక మిల్లీమీటరు ముందుకు వంగింది. కర్ర ఇప్పుడు మిషన్ ఫెన్స్‌కి ఆనడం లేదు, ఆ కొసకూ బ్లేడు పక్కనున్న ఫెన్స్ అంచుకూ ఆనుతోంది. ఆ రెండింటి మధ్య దూరం 250 మిల్లీమీటర్లు. 250కి ఒకటి అంటే డిగ్రీలో పావు వంతుకు కాస్త తక్కువ. ఫ్రేముకు ఎనిమిది కోతల్లో నాలుగు ఎడమవైపు పడతాయి, నాలుగూ కలిస్తే దాదాపు ఒక డిగ్రీ. రెండు అంగుళాల బీడింగ్‌కి నలభై ఐదు డిగ్రీల కోత పొడుగు దాదాపు 72 మిల్లీమీటర్లు, దాని మీద ఒక డిగ్రీ అంటే ఒక మిల్లీమీటరు పైచిలుకు. కంటికి కనబడిన సందు అంతే.

రెక్క ఫెన్స్‌ను మళ్ళీ సరిచేయలేదు. సరిచేస్తే వచ్చే వానాకాలం మళ్ళీ అదే కథ. కోత సూటిగా ఉండాలన్న బాధ్యత మిషన్ ఫెన్స్ ఒక్కదానిది, రెక్క బరువు మోస్తే చాలు. దాన్ని 3 మిల్లీమీటర్లు వెనక్కి జరిపి బిగించాను. ఇప్పుడు అది కర్రను తాకదు, స్టాపర్ (ముక్క కొలత కోసం కర్ర కొసకు పెట్టే అడ్డు) జరగడానికి పట్టాలా మాత్రమే పనికొస్తుంది. ఎత్తుకు ఏ సూత్రం పాటించానో ఫెన్స్‌కీ అదే పాటించి ఉండాల్సింది. బల్లను వెంట్రుకవాసి దించినవాణ్ణి ఫెన్స్‌ను సరిసమానంగా ఎందుకు పెట్టానంటే, ఒకే గీతలో ఉంటే చూడ్డానికి పద్ధతిగా ఉంటుందని.

స్టాపర్ దగ్గర తప్పిన ప్రమాదం

ఒకే కొలత ముక్కలు చాలా కావాలన్నప్పుడు స్టాపర్ పెడతాం. కుర్రాడు ఒకరోజు ఎడమవైపు రెక్క మీద స్టాపర్ ఉండగానే, కుడివైపు మిషన్ ఫెన్స్‌కి ఇంకో ముక్క క్లాంపు వేశాడు, కర్ర జరగకుండా గట్టిగా ఉంటుందని. కోత పూర్తయ్యాక ముక్క బ్లేడుకూ ఆ అడ్డుకూ మధ్య ఇరుక్కుంది, బ్లేడు దాన్ని విసిరేసింది. ముక్క వెళ్ళి షట్టర్ రేకుకు తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రేకు మీద సొట్ట ఇప్పటికీ ఉంది.

వాణ్ణి తిట్టలేదు. ఎందుకు అలా జరిగిందో మిషన్ ఆపి, ప్లగ్గు తీసి, చేత్తో తల దించి చూపించాను. స్టాపర్ ఒకవైపే ఉండాలి, రెండో ముక్క స్వేచ్ఛగా పక్కకు జరగగలగాలి. బ్లేడు పూర్తిగా ఆగాకే తల ఎత్తాలి. బ్లేడుకు రెండు వైపులా ఆరేసి అంగుళాల దూరంలో ఫెన్స్ మీద ఎర్ర పెయింటు గీతలు గీశాం, ఆ గీతలు దాటి చెయ్యి లోపలికి రాకూడదు. అంతకంటే చిన్న ముక్కయితే క్లాంపు వేసి పట్టాలి, లేకపోతే చేతి రంపంతో కోసుకోవాలి. స్టాపర్ అడుగు అంచు కూడా ఒక సూతు (అంగుళంలో ఎనిమిదో వంతు) ఎత్తి కోశాను, పొట్టు అక్కడ చేరితే ప్రతి ముక్కా ఆ మేరకు పొట్టిగా వస్తుంది.

పొట్టు

మిషన్‌తో వచ్చిన సంచి పట్టేది కొంచెమే, మిగతాది వెనకకు చిమ్ముతుంది. మూసిన షట్టర్‌లో అది ముగ్గురి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం కలప పొట్టు ధూళిని 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ముక్కు లోపల, సైనస్‌లలో వచ్చే క్యాన్సర్. మేస్త్రికి ఆ మాట చెప్తే కాసేపు మాట్లాడలేదు, మా పెద్దమనిషి ఒకాయన అట్లనే పోయిండు అన్నారు. ఆయనకు అది పొట్టు వల్లేనా అన్నది నేను చెప్పగలిగేది కాదు, కానీ ఆ తర్వాత మాస్కు పెట్టుకోమని మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

బండి వెనక అంచుకు సన్నటి ఇనుప కడ్డీ వంచి, పాత ఫ్లెక్సీ గుడ్డ తొడిగి గరాటులా చేశాం. గొట్టాలు కదలడానికి పైన చీలిక వదిలాం. కింద మూడు అంగుళాల పీవీసీ పైపు, దానికి వాక్యూమ్. ఫ్లెక్సీ ఎందుకంటే ఎక్కడైనా దొరుకుతుంది, మడిస్తే మడుస్తుంది, పొట్టు అంటుకోకుండా జారుతుంది. అంతా పట్టదు. నలభై ఐదు డిగ్రీల కోతలో పక్కనుంచి కొంత వస్తూనే ఉంటుంది. వాక్యూమ్ డబ్బా రోజూ సాయంత్రం ఖాళీ చేయాలి, పాత కర్రలో మేకు తగిలి నిప్పురవ్వ పడితే రాత్రంతా లోపలే రాజుకుంటుంది.

ఎనిమిది నెలల తర్వాత

పొద్దున బండిని సున్నాల్లో దించి, రెక్క తగిలించి, కాలు విప్పడానికి రెండు మూడు నిమిషాలు. కర్రలు కోసుకున్నాక అదే తీసేసి బండి మూలకు. రాత్రి టూవీలర్ పక్కన మిషన్ బండి. మోకాళ్ళ నొప్పి పోయిందని అనలేను, కానీ ఆయన కోతకు కూర్చోవడం మానేశారు. పన్నెండు అడుగుల కర్ర సంగతి మాత్రం తేలలేదు. ఒక కొస వీధిలోకి వస్తుంది, బయట ఒక మనిషి నిలబడాలి. అందుకే అలాంటివి బడి పిల్లలు రాకముందే, ఎనిమిది లోపు కోసేస్తున్నారు.

మొన్న అటు వెళ్తూ ఆగాను. పని బల్ల షట్టర్ వైపు కొసకు రెండు కొత్త మంచం హుక్కులు కనబడ్డాయి. మిషన్ బండి లేనప్పుడు ఆ జాగాలో ఇంకో పొట్టి పలక తగిలించి తలుపులు జోడించుకోవడానికి మేస్త్రి తనే వేసుకున్నారట. నన్ను పిలవలేదు. టేపు తీసి ఆ పలక ఎత్తు చూశాను, సరిగ్గా 32 అంగుళాలు.